మెరిసిన మూల

ఆ ల్యాబులో పద్నాలుగేళ్ళుగా ఫర్నేస్ గది దూదక్కది. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ఇంజనీరుగారి దగ్గర్నుంచి గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్ దాకా అందరికీ ఆమె దూదక్కే. ఆమె చేతికింద తయారయ్యేది చూడ్డానికి దూదిలా ఉంటుంది మరి. పల్చటి పాకంలాంటి ద్రవాన్ని సూది మొనలంత రంధ్రాల్లోంచి గాలితో ఊదిస్తే, అది పీచుమిఠాయిలా తెల్లటి పోగులై ఎదురుగా ఉన్న జల్లెడ మీద పేరుకుంటుంది. ఆ పొరని ఊపిరి బిగబట్టి ఎత్తి, పళ్ళెంలో పరిచి, ఫర్నేస్‌లో పెట్టి, గంట గంటకీ కొంచెం కొంచెంగా వేడి పెంచుకుంటూ పోవాలి. జిగురంతా కాలిపోయాక మిగిలేది సిరామిక్. టీ కప్పుల జాతిదే, కాకపోతే ఒక్కో పోగూ వెంట్రుక కన్నా ఎంతో సన్నం. మూరెడు వెడల్పు దుప్పటి అరచేతి మీద పెడితే, చేతిలో అసలేమైనా ఉందా అని అనుమానం వస్తుంది. పాకం కలపడం దగ్గర్నుంచి చల్లారిన దుప్పటిని బయటికి తీసేదాకా తొమ్మిది రోజులు. అన్ని రోజులూ మూతికి మాస్కు, మోచేతుల దాకా గ్లౌజులు. అయినా ఆ పీచు మెడలోకి దూరి దురద పెట్టేది. "నా వీపు గోకడానికి ఒక మనిషిని వేయించండి సార్, పని రెండింతలవుతుంది" అని ఇంజనీరుగారితో అనేది.

మొదట్లో ఆ దుప్పట్లు ఫర్నేసుల లోపలి గోడలకి కప్పడానికే వెళ్ళేవి. నాలుగేళ్ళ కిందట లేజర్ పని వచ్చింది. ఆమడ దూరం నుంచి ఇనప రేకుని వెన్నలా కరిగించే లేజర్లు వచ్చాయనీ, వాటికి అడ్డంగా, ఎగిరే యంత్రాల మీద కప్పడానికి బరువులేని దుప్పటి కావాలనీ ఇంజనీరుగారు ఒకరోజు టీ తాగుతూ చెప్పారు.

"ఇనుమే కరిగిపోతే ఈ దూది ఏం ఆగుతుంది సార్?" అంది దూదక్క.

"ఇనుము వెలుగుని మింగుతుంది. మింగుతుంది కాబట్టే మాడుతుంది. మీ దూది మింగదమ్మా. లోపలికి దూరిన వెలుగు ఒక పోగుకి తగిలి ఇంకో పోగు మీద పడి, దారీ తెన్నూ తెలియక, వచ్చిన వైపుకే చెల్లాచెదురై పోతుంది. వెనకాల ఉన్నవాడికి వెచ్చదనం కూడా తెలియదు."

ఆ మాట ఆమెకి బాగా నచ్చింది. ఇంటికెళ్ళి తమ్ముడికి చెప్పబోతే, "నాకు చెప్తావేంటక్కా, ఆ వెలుగు కొట్టేది నేనేగా" అని నవ్వాడు.

నిజమే. లేజర్ హాలు తమ్ముడిది. ఆమెకన్నా ఎనిమిదేళ్ళు చిన్న. ఆమెకి పంతొమ్మిదీ వాడికి పదకొండూ ఉన్నప్పుడు ఒకే ఏడాదిలో అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. అప్పట్నుంచి వాడికి అక్కే అమ్మ, అక్కే నాన్న, పరీక్షలప్పుడు మాత్రం అక్కే పోలీసు. తన పెళ్ళి సంగతి తీరిక దొరికినప్పుడు చూద్దాంలే అని వాయిదా వేసుకుంటూ వచ్చి, వాడికి పెళ్ళి చేసేసరికి తన సంగతే మరిచిపోయింది. వాడు చదువు ముగించి అదే ల్యాబులో చేరిన రోజున ఫర్నేస్ గదిలో అందరికీ బిస్కెట్లు పంచింది. ఇప్పుడు ఒకే మేడ మీద పక్కపక్క వాటాల్లో ఉంటున్నారు. మరదలు చిన్నపిల్లల బడిలో టీచరు. వాళ్ళకి ఎనిమిది నెలల పాప.

తమ్ముడికి ఎడమ కన్ను పుట్టుకతోనే మందం. వెలుగూ నీడా తెలుస్తాయి, మనుషులు పోల్చుకోవడానికి రారు. పనంతా కుడికన్నే చేసేది. లేజర్ కిరణాన్ని పెన్సిల్ గుర్తు మీదికి సరిగ్గా తెచ్చి నిలబెట్టడం అతని పని. హాల్లో అందరూ అతన్ని 'గురి' అని పిలిచేవారు. "గురి చూసేవాడు ఎలాగూ ఒక కన్ను మూయాలి. నాకా శ్రమ లేకుండా పుట్టించాడు దేవుడు" అని అతనే అందరికన్నా ముందు నవ్వేవాడు.

ఆ వారం దుప్పట్లని చూడ్డానికి బయటి నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారని కబురు వచ్చింది. దూదక్క ఒక విడతలో మూడు దుప్పట్లు ఫర్నేస్‌లో పెట్టింది. రెండు చల్లారేటప్పుడు నడిమికి చిట్లిపోయాయి. మూడోది మాత్రం పొద్దున్నే తలుపు తీసేసరికి, కొత్తగా పడిన మంచులా చెక్కుచెదరకుండా ఉంది. ఆమె దాన్ని బల్ల మీదికి తెచ్చి దీపం కింద చూసింది. కుడివైపు ఒక మూల, గోరంత మేర, గాజులా మెరిసింది. ఫర్నేస్‌లో ఆ పక్కనున్న వేడికడ్డీ కొన్నాళ్ళుగా కాస్త ఎక్కువ కాలుతోందని ఆమెకి తెలుసు. అక్కడ పోగులు కరిగి ఒకదానికొకటి అతుక్కుని నున్నగా అయిపోయాయి. గ్లౌజు వేలితో తాకితే జారింది.

అలాంటి దుప్పటి తుక్కు డ్రమ్ములోకి పోవాలి. ఆ నియమం ఎవరో పెట్టింది కాదు, ఆమె పెట్టుకున్నదే. పద్నాలుగేళ్ళలో ఆ డ్రమ్ములో ఎన్ని పడేసిందో లెక్కే లేదు. ఆ రోజు మాత్రం చెయ్యి రాలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. ఇంజనీరుగారు ఆ రోజు ఊళ్ళోనే లేరు. కిరణం పడేది నడిమధ్యన కదా, మూలలు ఎలాగూ దుప్పటిని పట్టి ఉంచే బిగింపు కింద దాక్కుంటాయి కదా అనుకుంది. 'ఈసారి పదిహేను సెకన్లు దాటాలక్కా' అని ముందురోజు తమ్ముడు అన్న మాట కూడా చెవిలోనే ఉంది. కాగితం మీద 'మచ్చలు' అని ఉన్నచోట 'లేవు' అని రాసి, సంతకం పెట్టి, దుప్పటిని పెట్టెలో సర్ది పంపేసింది.

దుప్పటి నడిమధ్యన పద్దెనిమిది సెకన్లు ఆగింది. వెనకనున్న రేకు గోరువెచ్చన కూడా కాలేదు. తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, పద్దెనిమిది. నీ చేతికి దండం పెట్టాలి" అన్నాడు. ఆమె మాస్కులోనే నవ్వుకుంది.

గంట తర్వాత వాచ్‌మన్ పరుగెత్తుకుంటూ ఫర్నేస్ గదికి వచ్చాడు.

తర్వాత అందరూ చెప్పినదాన్ని బట్టి జరిగింది ఇది. మిగతావాళ్ళు టీకి వెళ్ళారు. తమ్ముడు ఇంకో ప్రయోగానికి దుప్పటిని కాస్త పక్కకి జరిపి బిగించి, మూలకి దగ్గరగా పెన్సిల్‌తో గుర్తు పెట్టాడు. అసలు కిరణం కంటికి కనపడదు. దాని దారి తెలియడానికి దానితోపాటే చిన్న ఎర్రచుక్క పడుతుంది. పచ్చటి రక్షణ కళ్ళద్దాల్లోంచి ఆ ఎర్రచుక్క సరిగ్గా ఆనదు. చుక్క గుర్తు మీద పడిందో లేదో చూడ్డానికి అతను ఒక్క క్షణం కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్నాడు. అసలు కిరణం ఆపేశాననుకున్నాడు. ఆపలేదు, బాగా తగ్గించి ఉంచాడు. మామూలు దుప్పటి మీదైతే అంత చిన్న కిరణం చెదిరిపోయి కంటికి ఏమీ చేసేది కాదు. ఆరోజు అది చెదరలేదు. ఎక్కడో నున్నటి దాని మీద పడి తిన్నగా వెనక్కి వచ్చింది.

"నొప్పేం లేదక్కా" అన్నాడు ఆసుపత్రిలో. "లోపల ఎవరో మెటిక విరిచినట్టు టప్‌మంది. అంతే. తర్వాత ఎటు చూస్తే అటు ఒక బూడిదరంగు మచ్చ."

కంటి డాక్టరు నడివయసు ఆవిడ. బొమ్మ గీసి చూపించింది. "చూపుకి నట్టనడుమ ఉండే చోటు కాలిపోయింది. చుట్టూ బాగానే ఉంది. పక్కచూపు ఉంటుంది. ఎదురుగా చూసింది మాత్రం కనపడదు. చదవడం, మొహాలు పోల్చుకోవడం కష్టం."

"అంటే డాక్టరుగారూ, నేను ఏది చూడాలనుకుంటానో అది తప్ప అన్నీ కనపడతాయన్నమాట."

"అంతేనండి" అంది ఆవిడ. అతను నవ్వాడు గాని ఇంకెవరూ నవ్వలేదు. పాపని ఎత్తుకున్న మరదలు గోడవైపు తిరిగి నిలబడింది.

ఆ సాయంత్రం మరదలు మందుల కోసం కిందికి వెళ్ళినప్పుడు దూదక్క మంచం పక్కన కూర్చుని అడిగింది. "పద్దెనిమిది సెకన్లు ఆగింది కదరా. ఇంకా ఆ దుప్పటితో పనేముంది? మూలకి ఎందుకు జరిపావు?"

"నడుమ ఒక్కచోటే కదా రంగు మారింది. మూలలు బాగానే ఉన్నాయి. ఇంకో రెండు ప్రయోగాలు వస్తాయి కదా, పారెయ్యడమెందుకు అనుకున్నా" అన్నాడు తమ్ముడు. "తొమ్మిది రోజులు నిలబడి చేస్తావు ఒక్కోదాన్ని. ఊరికే తుక్కులో వేస్తుంటే నాకే మనసొప్పదు."

దూదక్క లేచి మంచినీళ్ళ కోసం వెళ్తున్నట్టు వరండాలోకి వెళ్ళింది. గోడకి ఆనుకుని నిలబడింది. కిరణం వెనక్కి వచ్చిన నున్నటి చోటు ఏదో ఆ ఆసుపత్రి మొత్తంలో ఆమెకొక్కదానికే తెలుసు. లోపలికెళ్ళి చెప్పాలనుకుంది. నర్సు వచ్చింది, మరదలు వచ్చింది, పాప ఏడ్చింది. చెప్పలేదు.

మర్నాడు కూడా చెప్పలేదు.

ఇంటికి తీసుకొచ్చాక అతనికి అన్నీ కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. గ్లాసుని చూస్తే గ్లాసు మాయమవుతుంది. గ్లాసు పక్కనున్న గోడని చూడాలి, అప్పుడు చెయ్యి గ్లాసు మీదికి వెళ్తుంది. మనిషిని చూడాలంటే మొహం కాస్త పక్కకి తిప్పి, ఆ మనిషి చెవి వెనక ఏదో ఉన్నట్టు చూడాలి. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అతను కిటికీవైపు తిరిగేవాడు. నాన్న ఏదో చూపిస్తున్నాడనుకుని పాప కూడా కిటికీవైపు తిరిగేది. అతను ఇటు తిరిగితే తనూ ఇటు తిరిగేది. "నువ్వు కాసేపు కదలకుండా ఉండవే తల్లీ, నీ మొహం చూసుకోనీ" అని బతిమాలేవాడు. పాప కిలకిల నవ్వేది. వంటగదిలోంచి అది వింటున్న దూదక్కకి చేతిలో గరిట ఆగిపోయేది.

ల్యాబు నుంచి రాగానే ఆమె తన వాటాకి కూడా వెళ్ళకుండా నేరుగా తమ్ముడి దగ్గరికే వచ్చేది. కంచంలో ఏది ఎటు పక్కన ఉందో చెప్పేది. చాలాసార్లు తనే కలిపి ముద్దలు పెట్టేది. అతను తింటూ తనని తాను తిట్టుకునేవాడు.

"ఇన్నేళ్ళుగా కొత్తగా వచ్చిన ప్రతివాడికీ నేను చెప్పే మొదటి మాట ఏంటో తెలుసా? ఇల్లు తగలబడినా కళ్ళద్దాలు తియ్యద్దురా అని. చెప్పిన నేనే వాటిని నెత్తిన పెట్టుకుని నిలబడ్డాను. నన్ను చెప్పుతో కొట్టాలి."

"ఊరుకోరా."

"ఊరుకుంటే వస్తుందా? మా ఆవిడ బతుకూ, పాప బతుకూ నా చేతులారా పాడుచేశాను. ఒక్క క్షణం బద్ధకం."

దూదక్క ఇంకో ముద్ద అందించేది. అదీ ఆమె చేసిన పని. నోరు తెరిచేది, ఆ నోటితోనే "పెరుగు వెయ్యనా" అని అడిగేది. చెబితే ఏమవుతుందో ఆమె రకరకాలుగా ఆలోచించింది. తన ఉద్యోగం పోతుంది, అప్పుడు ఈ ఇంటికి దిక్కెవరు అనుకుంది. వాడు కుదుటపడ్డాక చెబుదాం, ఇప్పుడు చెబితే తట్టుకోలేడు అనుకుంది. ఇవన్నీ సాకులని తెలుసు. అసలు సంగతి ఒకటే. తమ్ముడు తన చేతి ముద్ద తోసేస్తాడని భయం.

అలా నాలుగు వారాలు గడిచాయి. ఎంక్వైరీ చేసిన ముగ్గురు పెద్దమనుషులు కాగితం పంపారు. మరదలు చదివి వినిపించింది. కిరణం స్టీలు బిగింపు మీద పడి తిరిగి వచ్చి ఉంటుందనీ, దుప్పటిలో లోపమేమీ లేదని తయారీ పత్రం ధ్రువపరుస్తోందనీ, రక్షణ కళ్ళద్దాలు తీయడం వల్ల జరిగిన దీనికి పూర్తి బాధ్యత ఉద్యోగిదేననీ అందులో ఉంది.

"సరిగ్గానే రాశారు" అన్నాడు తమ్ముడు. ఆ మాట అనేటప్పుడు అతని గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. ఒక పెద్ద బరువుని తనదేనని ఒప్పుకుని భుజం మీద సర్దుకున్నవాడిలా ఉన్నాడు.

దూదక్క ఆ మధ్యాహ్నం తన వాటాకి వెళ్ళి మంచం మీద కూర్చుంది. తయారీ పత్రం. అది తన చేతిరాత. 'లేవు' అనే రెండక్షరాలు. లేచి మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళింది. మరదలు పాప బట్టలు మడతపెడుతోంది. తమ్ముడు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. ఆమె వచ్చిన అలికిడి విని మొహం పక్కకి తిప్పాడు, అంటే ఆమెని చూశాడు.

"బిగింపు కాదురా" అంది దూదక్క నిలబడే. "దుప్పటి మూల మెరిసింది. ఫర్నేస్ లోంచి తీసినప్పుడే చూశాను. గాజులా అయిపోయింది. డ్రమ్ములో వెయ్యాలి, వెయ్యలేదు. మచ్చల్లేవని రాసి నీకు పంపించాను."

మరదలి చేతిలో చిన్న చొక్కా అలాగే ఉండిపోయింది. కాసేపటికి ఆమె, "ఎప్పట్నుంచి తెలుసు వదినా మీకు?" అని అడిగింది.

"ఆసుపత్రిలో మొదటి రోజు నుంచి."

మరదలు పాపని ఎత్తుకుని లోపలిగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

తమ్ముడు ఇంకా పక్కకే చూస్తున్నాడు. అక్క నుదురూ, కళ్ళూ, గడ్డమూ అన్నీ అతనికి కనపడుతూనే ఉండాలి. తర్వాత మెల్లగా మొహాన్ని తిన్నగా ఆమె వైపు తిప్పాడు. తెలియనివాళ్ళెవరైనా చూస్తే అక్క కళ్ళలోకి సూటిగా చూస్తున్నాడనుకుంటారు. ఆ చూపులో ఇప్పుడు తను లేనని దూదక్కకి తెలుసు.

"వెళ్ళక్కా" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె ఇంజనీరుగారి గదికి వెళ్ళి అంతా చెప్పింది. ఆయన చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు.

"ఇప్పుడు చెబితే పోయిన కన్ను రాదమ్మా. మీ పని కూడా పోవచ్చు. ఎంక్వైరీ అయిపోయింది. ఫైలు మూసేశారు."

"మూసిన ఫైల్లో మావాడి పేరొక్కటే ఉంది సార్."

ఆయన లేచి బీరువాలోంచి ఆ దుప్పటి పెట్టె తీశారు. ఇద్దరూ దాన్ని బల్ల మీద పెట్టి, దీపాన్ని పక్కవాటుగా వంచి చూశారు. మూల దగ్గర తమ్ముడు పెన్సిల్‌తో గీసిన చిన్న గుర్తు ఉంది. దాని పక్కనే, రెండు వేళ్ళ దూరంలో, ఆ మెరుపు. ఇంజనీరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఎంక్వైరీలో నాతో కలిపి ముగ్గురం చూశామమ్మా దీన్ని. ఎదురుగా చూశాం. పక్కవాటుగా చూడాలని మాకెవరికీ తోచలేదు" అన్నారు. తర్వాత కుర్చీ లాక్కుని ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు.

ఫైలు మళ్ళీ తెరిచారు. రెండోసారి వచ్చిన కాగితంలో కారణాలు రెండని రాశారు. ఫర్నేస్ గది తాళంచెవులు దూదక్క దగ్గర్నుంచి తీసుకున్నారు. పని తీసెయ్యలేదు, ప్యాకింగ్ గదికి మార్చారు. పద్నాలుగేళ్ళు తను కాల్చిన వాటిని ఇప్పుడు వేరేవాళ్ళు కాలిస్తే పెట్టెల్లో సర్దడం ఆమె పని. ప్రతి దుప్పటినీ ఇద్దరు మనుషులు పక్కవాటు వెలుగులో చూసి సంతకాలు పెట్టాలని కొత్త నియమం వచ్చింది. తమ్ముడికి టెలిఫోన్ దగ్గర కూర్చునే పని ఇస్తామన్నారు. వద్దన్నాడు.

అతను ఆమెతో మాట్లాడ్డం మానేశాడు. గొడవేం లేదు. పక్కపక్క వాటాలే, మధ్యలో ఒక్క గోడే. అతను పాపతో ఆడే ఆటలు, రేడియో వార్తలు, మరదలు నోటుపుస్తకాలు దిద్దుకుంటూ తీసే కూనిరాగం అన్నీ ఇవతలికి వినపడేవి. దూదక్క కూర చేసి గిన్నెతో గుమ్మం దాకా వెళ్ళేది. మరదలు తీసుకునేది, గిన్నె కడిగి తిరిగి ఇచ్చేది. ఒకరోజు గిన్నె ఇస్తూ, "నేను మిమ్మల్ని తిట్టుకోలేదని చెప్పను వదినా. తిట్టుకున్నాను. కాని ఆయనకీ చెప్పాను, చెప్పినందుకైనా ఆవిడతో మాట్లాడండి అని. వినరు" అంది. దూదక్క తల ఊపింది.

నాలుగు నెలల తర్వాత వాళ్ళు ఊరు మారుతున్నారని తెలిసింది. మరదలి తండ్రికి పక్క ఊళ్ళో మొక్కల నర్సరీ ఉంది. అంటు కట్టడం, కుండీల్లో మట్టి నింపడం, నీళ్ళు పట్టడం లాంటి పనులకి పక్కచూపూ చేతివేళ్ళూ చాలని ఆయన కబురు పెట్టాడు.

సామాను సర్దే రోజు దూదక్క సెలవు పెట్టింది. ఎవరూ పిలవలేదు, తనే వెళ్ళింది. గాజు సామాను కాగితాల్లో చుట్టడం ఆమెకి చేతనైన పని. వంటగదిలో నేల మీద కూర్చుని కప్పులు ఒక్కొక్కటీ చుడుతుంటే, తమ్ముడు గోడ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా."

నాలుగు నెలల్లో మొదటిసారి. ఆమె చేతిలో కప్పు కింద పెట్టింది.

"నా కోపం ఆ దుప్పటి మచ్చ గురించి కాదు" అన్నాడు. "ఆ స్థానంలో నేనుంటే నేనూ పెట్టెలో పెట్టేవాడినేమో. పెద్దవాళ్ళొస్తున్నారు, ఉన్నది ఒక్కటే. దాని గురించి నాకు కోపం పోయి చాలా రోజులైంది."

"మరి?"

"నాలుగు వారాలు. పొద్దున లేస్తే నన్ను నేను తిట్టుకున్నాను. నీ ముందే. నువ్వు ముద్దలు కలిపి నా నోట్లో పెడుతూ విన్నావు. పెరుగు వెయ్యనా అని అడిగావు. అదొక్కటీ మింగుడు పడట్లేదక్కా. ఎంత ప్రయత్నించినా పడట్లేదు."

దూదక్క భయపడ్డానురా అని చెప్పొచ్చు. అది నిజమే. అయినా ఆ మాట ఎంత చిన్నదో ఆమెకే తెలిసింది. "అవును" అంది. "విన్నాను." కొంచెం ఆగి, "నువ్వు అలా తిట్టుకుంటుంటే నాకేమనిపించిందో చెప్పనా?" అంది.

"వద్దు."

అతను గోడ తడుముకుంటూ వెళ్ళిపోయాడు. ఆమె కప్పు తీసుకుని మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది. బస్టాండు దాకా వెళ్ళింది. పాపకి అప్పుడే నడక వస్తోంది. బస్సు కదిలేటప్పుడు మరదలు పాప చెయ్యి పట్టుకుని, "అత్తకి టాటా చెప్పు" అని ఊపించింది. కిటికీ పక్క సీట్లో తమ్ముడు ముందుకే చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత వాళ్ళ వాటాలోకి ఒక కుట్టుపని చేసే ముసలాయన దిగాడు. గోడ అవతల కుట్టుమిషను చప్పుడు. నెలకోసారి మరదలు ఫోన్ చేసేది. పాప రెండు మాటలు మాట్లాడేది, మొక్కల పేర్లు చెప్పేది. "నాన్న పక్కనే ఉన్నాడా?" అని దూదక్క అడగడం మానేసింది. అడిగినప్పుడల్లా పాప "ఊ" అనేది, ఫోన్ మాత్రం చేతులు మారేది కాదు.

దాదాపు ఏడాదికి, ఒక పగటిపూట, ఇంజనీరుగారు ప్యాకింగ్ గదికి వచ్చారు. "లేజర్ హాలుకి రండమ్మా. ఇవాళ చివరి పరీక్ష. పద్నాలుగేళ్ళూ దుప్పట్లు చేశారు గాని, వాటి పని ఎప్పుడూ చూడలేదు మీరు."

అది తమ్ముడు పనిచేసిన చోటు. అయినా వెళ్ళింది. గోడ అవతల పరీక్ష, గోడ ఇవతల తెర మీద బొమ్మ. ఎవరో కొత్తతను అంకెలు చదువుతున్నాడు. కిరణం కంటికి కనపడదు కాబట్టి మొదట ఏమీ జరగనట్టే ఉంది. తర్వాత దుప్పటి నడుమ ఒక తెల్లటి చుక్క మండసాగింది, చూడలేనంత తెల్లగా. పది అన్నారు. ఇరవై అన్నారు. ముప్ఫై దగ్గర ఇంజనీరుగారు ఆమె భుజం పట్టుకున్నారు. నలభై ఒకటి దగ్గర ఆపేశారు. అది ఇంకా ఆగేదే, యంత్రమే అలిసిపోయింది. కాసేపటికి తలుపు తెరిచి అందరూ లోపలికి వెళ్ళారు. వెనకనున్న రేకు మీద ఆమె చెయ్యి పెట్టించారు. ఎండలో కాసేపు ఉన్న గిన్నెంత వెచ్చగా ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమెని చూసి కొట్టారు. దూదక్క నవ్వుదామని చూసింది, పెదాలు కదల్లేదు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని మరదలి నంబరుకి ఫోన్ చేసింది.

"అమ్మాయ్, ఒక్కసారి వాడికివ్వు. పని విషయమని చెప్పు."

నీళ్ళగొట్టం ఎవరో కట్టేసిన చప్పుడు. తర్వాత, "చెప్పు" అన్నాడు తమ్ముడు.

"నలభై ఒకటి ఆగిందిరా."

"ఎంత లావు దుప్పటి?"

"వేలెడు. లోపల నాలుగు పొరలు."

"వెనక రేకు?"

"నేను చెయ్యి పెట్టాను."

"చెయ్యి పెట్టావా?" అతని గొంతులో పాత తమ్ముడు ఒక్క క్షణం తొంగిచూశాడు. "నడిమధ్యనేనా, మూలల్లో కూడా కొట్టారా?"

"నాలుగు మూలలూ కొట్టారట, నిన్న. ఎక్కడా వెనక్కి రాలేదు."

"కళ్ళద్దాలు?"

"అందరూ పెట్టుకున్నారు. తలుపు తీశాక కూడా తియ్యలేదు."

"మంచిది." అతను ఊపిరి తీసుకున్నాడు. "గాలికి ఊగినప్పుడు కూడా చూడమను ఇంజనీరుగారిని. ఎగిరేదాని మీద కప్పితే అది ఊగుతుంది. నేనున్నప్పుడే అనుకున్నాను, చెప్పడానికి కుదర్లేదు."

"చెబుతాను."

అటువైపు పక్షుల చప్పుడు వినపడుతోంది, ఎవరో కుండీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. ఆమె ఎలా ఉన్నావురా అని అడగబోయింది.

"సరే అక్కా, పాప ఏడుస్తోంది. పెట్టేస్తా" అన్నాడు.

పాప ఏడుపేమీ వినపడలేదు. దూరంగా, ఎక్కడో మొక్కల మధ్య, అది తల్లితో పాడుతోంది. ఫోన్ ఆగిపోయాక దూదక్క ఇంకాసేపు ఆ మెట్ల మీదే కూర్చుంది. తర్వాత లేచి, గాలికి ఊగడం గురించి మరిచిపోకముందే చెప్పాలని ఇంజనీరుగారి గదివైపు నడిచింది.